రంగుసుద్దకు తగిన కాగితం

చిత్రకళను గురించి మాట్లాడేవారు రంగులను గురించి, రేఖలను గురించి విస్తారంగా చెబుతారు. ఆ రంగును మోసే తలాన్ని గురించి చెప్పేవారు తక్కువ. తైలవర్ణ చిత్రంలో ఈ ఉపేక్ష వల్ల కలిగే నష్టం బయటపడటానికి సంవత్సరాలు పడుతుంది. పాస్టెల్ చిత్రంలో అది మరునాడే బయటపడుతుంది. గోడకు ఆనించిన చిత్రం కింద, నేల మీద, సన్నని రంగుపొడి చారగా రాలి ఉంటుంది. అందులో నిన్న వేసిన ఆకాశం కొంత, నిన్న వేసిన కొండ కొంత ఉంటాయి. చిత్రకారుని చేతిలో లోపం లేకపోవచ్చు. రంగులు మేలైనవే కావచ్చు. కాగితం మాత్రం ఆ రంగును పట్టుకోలేకపోయింది.

ఇట్లా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే పాస్టెల్ అంటే ఏమిటో ముందు తెలియాలి. తైలవర్ణంలో రంగుపొడి నూనెలో కలిసి ఉంటుంది. ఆ నూనె గాలి తగిలి గట్టిపడి, రంగును తలానికి అంటించి ఉంచుతుంది. నీటిరంగులో ఈ పనిని తుమ్మ జాతి చెట్ల జిగురు చేస్తుంది. పాస్టెల్‌లో కూడా జిగురు ఉంటుంది గాని, అది సుద్దకడ్డీ విరిగిపోకుండా నిలబెట్టడానికి చాలినంతే ఉంటుంది. రంగుపొడిని, తెల్లని సుద్దను లేదా చీనామట్టిని కలిపి, పలుచని జిగురునీటితో ముద్దచేసి, కడ్డీలుగా చుట్టి ఆరబెడతారు. జిగురు పెరిగితే కడ్డీ గట్టిపడి కాగితాన్ని గీరుతుందే తప్ప రంగునివ్వదు; తగ్గితే చేతిలోనే పొడి అవుతుంది. కాబట్టి కాగితం మీదికి చేరిన రంగును అక్కడ అంటించి ఉంచే పదార్థమంటూ దాదాపు ఏదీ లేదు. కాగితపు నూలుపోగుల నడుమ, గరుకు గుంటలలో ఇరుక్కొని నిలిచిన పొడియే పాస్టెల్ చిత్రం. ఆంగ్లేయ చిత్రకారులు కాగితానికుండే ఈ గుణాన్ని ‘పన్ను’ అనే మాటతో సూచిస్తారు. తెలుగులో ‘పట్టు’ అంటే సరిపోతుంది.

ఈ పట్టు సంగతి పల్నాటి పల్లెలలో ముగ్గు వేసే ప్రతి స్త్రీకి తెలిసినదే. పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి, అలికి, కొంచెం తడి ఆరిన మట్టివాకిలి మీద వేసిన ముగ్గు ఉదయమంతా నిలుస్తుంది. పేడలోని నారపోగులు, మట్టిలోని సన్నని గుంటలు పొడిని పట్టుకుంటాయి. అదే ముగ్గుపొడిని నున్నగా మెరుగుపెట్టిన నాపరాళ్ళ వసారాలో వేస్తే, గాలి కాస్త వీచేసరికి చెదరిపోతుంది. అందువల్లనే రాతినేల మీద తడిపిన పిండితోనో, సుద్దనీళ్ళతోనో ముగ్గు పెడతారు. చేయీ అదే, ముగ్గూ అదే. నేల మారగానే పద్ధతి మారింది.

తలాన్ని ముందుగా సిద్ధం చేసుకొనే అలవాటు తెలుగుదేశపు కళలన్నింటిలోనూ ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో నూలుగుడ్డను కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ తడిపి ఆరబెట్టిన తరువాతే కలం పడతారు. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు ఇనుప నీటితో కలిసి నల్లరంగుగా మారుతుంది. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలిని, తెల్లసుద్దను పూతగా పూస్తారు. తోలుబొమ్మలవారు మేకతోలును వెలుగు చొరబడేటంత పలుచగా చేసుకుంటారు. వీరెవరూ దొరికిన గుడ్డ మీదనో, దొరికిన తోలు మీదనో రంగు వేయరు. పాస్టెల్ పట్టిన విద్యార్థి మాత్రం రంగుల పెట్టెకు వందల రూపాయలు వెచ్చించి, కాగితం దగ్గరకు వచ్చేసరికి చార్టు పేపరుతో సరిపెట్టుకోవడం తరచుగా కనిపిస్తుంది.

ఇక్కడే ఒక పొరపాటును తొలగించుకోవాలి. నరసరావుపేటలోగాని, మాచర్లలోగాని, మరే పట్టణంలోగాని పుస్తకాల దుకాణంలో ‘పాస్టెల్స్’ అని అడిగితే సాధారణంగా చేతికి వచ్చేవి ఆయిల్ పాస్టెల్స్. ఇవి వేరు జాతికి చెందినవి. జపానులోని సకురా సంస్థ 1925 ప్రాంతంలో పిల్లల కోసం ప్రవేశపెట్టిన ఈ కడ్డీలలో రంగుపొడితోపాటు మైనం, ఎన్నటికీ ఆరని నూనె ఉంటాయి. ఇవి జిడ్డుగా అంటుకుంటాయి గనుక సాధారణమైన డ్రాయింగ్ షీటు మీద కూడా నిలుస్తాయి. వీటికి కావలసింది పట్టు కన్నా మందం. పలుచని కాగితమైతే నూనె వెనుకవైపుకు ఊరి మరకలు కడుతుంది. సాఫ్ట్ పాస్టెల్స్ అని ప్రత్యేకంగా అడిగి తెచ్చుకునేవే అసలైన రంగుసుద్దలు. ఈ వ్యాసంలోని విషయమంతా వాటికి సంబంధించినదే.

రంగుసుద్దల కోసం దొరికే కాగితాలను వాటి గరుకును బట్టి పరిశీలించవచ్చు. అన్నింటికన్నా అడుగున ఉండేది మెరుపు చార్టు. దాని మీద సుద్ద జారుతుంది. ఒక పొర పడగానే నిండిపోతుంది. రెండవ పొర మొదటి పొరను తుడిచివేస్తుంది. దానిని వాడకపోవడమే మంచిది. సాధారణ కార్ట్రిడ్జ్ కాగితం దీనికన్నా నయం. త్వరగా వేసుకొనే చిత్తు బొమ్మలకు, సాధనకు అది చాలు. ఒకటి రెండు పొరల వరకు అది రంగును మోస్తుంది.

దీనికి పైమెట్టున ఉన్నది గీతల కాగితం. పాతకాలపు చేతికాగితం తయారీలో గుజ్జును తీగల జల్లెడతో పైకెత్తేవారు. ఆ తీగల గుర్తులు కాగితం మీద సన్నని సమాంతర రేఖలుగా నిలిచిపోయేవి. ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ పేరుతో నేటికీ అమ్ముడయ్యే కాగితం ఈ రకానిదే. సుద్దను పక్కకు వాల్చి తేలికగా రాస్తే ఆ గీతలు రంగులోనుంచి తొంగిచూస్తాయి. ముఖచిత్రాలకు, సున్నితమైన రేఖలకు ఇది బాగుంటుంది. పొరమీద పొరగా దట్టించేవారికి మాత్రం ఇది త్వరగా నిండిపోతుంది.

కాన్సన్ అనే ఫ్రెంచి సంస్థ తయారుచేసే మి-తెంత్ కాగితం లోకమంతటా ప్రసిద్ధం. చదరపు మీటరుకు 160 గ్రాముల బరువుతో, ఎన్నో రంగులలో లభించే ఈ కాగితానికి రెండు ముఖాలున్నాయి. ఒకవైపు తేనెపట్టు గదుల వంటి అచ్చు ఉంటుంది. రెండవవైపు సన్నని, సమానమైన గరుకు ఉంటుంది. దీనిని కొన్నవారిలో చాలామంది ఈ సంగతి గమనించక, పైకి కనిపించిన వైపున గీయడం ప్రారంభిస్తారు. ముఖం గీసిన తరువాత చెంపల మీద తేనెపట్టు గదులు తేలి, ఎంత రుద్దినా పోవు. నిజానికి అనుభవజ్ఞులలో ఎక్కువమంది నున్నని వైపునే ఎంచుకుంటారు. కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకొని చూస్తే ఏ వైపు ఏదో క్షణంలో తెలిసిపోతుంది.

నీటిరంగుల కోసం తయారైన మందపు కాగితం కూడా పనికివస్తుంది. దాని గరుకులో గుంటలు పెద్దవి. సుద్ద గుట్టల మీదనే పడి, గుంటలు తెల్లగా మిగిలిపోతాయి. ఈ తెలుపు చిత్రానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది చిత్రవస్తువును బట్టి ఉంటుంది. మాచర్ల సమీపంలో చంద్రవంక నది దాదాపు 70 అడుగుల ఎత్తునుంచి దూకే ఎత్తిపోతల జలపాతాన్ని గీసేవానికి ఆ తెల్లని చుక్కలు నీటితుంపరలుగా ఉపయోగపడతాయి. అదే కాగితం మీద నాగార్జునసాగర్ జలాశయపు నిశ్చలమైన నీటిని గీయబోతే ఆ చుక్కలే అడ్డు వస్తాయి. ముందుగా పలుచని నీటిరంగును ఒక పూతగా వేసి, ఆరిన తరువాత సుద్ద పట్టడం దీనికొక ఉపాయం.

అన్నింటికన్నా పట్టు ఎక్కువగా ఉండేది ఇసుక కాగితం. వడ్రంగి వాడే ఉప్పుకాగితానికి ఇది దగ్గరి చుట్టం. కాగితం మీద జిగురుపూతతో సన్నని రాతిపొడిని అంటించి దీనిని తయారుచేస్తారు. దీని మీద పది పొరలు వేసినా చోటు మిగులుతుంది. చీకటి మీద వెలుగును, వెలుగు మీద మళ్ళీ చీకటిని వేయవచ్చు. అయితే ఇది సుద్దను త్వరగా అరగదీస్తుంది. వేలితో రుద్దితే వేలు కూడా అరుగుతుంది. ఖరీదు తక్కువని హార్డ్‌వేర్ దుకాణపు ఉప్పుకాగితాన్నే వాడేవారున్నారు. అందులో 400, 600 అంకెల సన్నరకం అభ్యాసానికి బాగానే పనికివస్తుంది. నిలువ ఉంచవలసిన చిత్రానికి మాత్రం అది తగదు. చెక్కను నున్నచేసి పారవేయడానికి తయారైన వస్తువది. దాని వెనుకనున్న కాగితాన్ని, జిగురును ఏళ్ళ తరబడి నిలిచేటట్లు ఎవరూ తయారుచేయలేదు.

యూరపులో పాస్టెల్‌కు పద్దెనిమిదవ శతాబ్ది మహర్దశ. వెనిస్ నగరపు చిత్రకారిణి రొసాల్బా కారియేరా 1720లో పారిస్‌కు వచ్చినప్పుడు ఆమె చిత్రాలను చూసి అక్కడి వారందరూ ఈ మాధ్యమం వైపు తిరిగారు. ఆ కాలపు చిత్రకారులు తరచుగా నీలిరంగు కాగితాన్ని గుడ్డ మీద అతికించి, ఆ గుడ్డను కొయ్యచట్రానికి బిగించి, దాని మీద చిత్రించేవారు. 1755లో పారిస్ ప్రదర్శనలో ఉంచిన మదామ్ ద పాంపదూర్ చిత్రం కోసం మోరిస్ కాంతాఁ ద లా తూర్ అనేక కాగితాలను అతికి ఒక పెద్ద తలాన్ని సమకూర్చుకున్నాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన లియొతార్ దారి వేరు. ఆయన 1744 ప్రాంతంలో గీసిన ‘చాకొలెట్ తెచ్చే యువతి’ చిత్రానికి చర్మపత్రాన్ని ఎంచుకున్నాడు. పళ్ళెంలోని గాజు గ్లాసు, అందులోని నీరు అంత నునుపుగా కనిపించడంలో ఆ తలానికి కూడా పాలుంది. జర్మనీలోని డ్రెస్డెన్ చిత్రశాలలో ఆ చిత్రం నేటికీ ఉంది.

తరువాతి శతాబ్దంలో దెగా ఈ మర్యాదలన్నింటినీ పక్కకు పెట్టాడు. బొమ్మను ఒకదానినుంచి మరొకదానికి దించుకోవడానికి వాడే పారదర్శక కాగితం మీద ఆయన పాస్టెల్ వేశాడు. బొమ్మ పెరిగితే పక్కన మరొక కాగితపు పట్టీని అతికించేవాడు. ఆ కాగితానికి పట్టు తక్కువ. అందువల్ల ఒక పొర వేసి, దానిని స్థిరద్రవంతో నిలిపి, ఆ గరుకు మీద మరొక పొర వేసేవాడు. అంటే కాగితంలో లేని పట్టును రంగులోనే పుట్టించాడన్నమాట. నార్వే చిత్రకారుడు ముంక్ 1895లో తన ‘ఆక్రందన’ చిత్రాన్ని అట్ట మీద పాస్టెల్‌తో వేశాడు. అది 2012లో న్యూయార్క్ వేలంలో దాదాపు 12 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ ధర అట్టకు వచ్చినది కాదు గనుక, అట్ట మంచిదని దీనినుంచి గ్రహించరాదు.

పల్నాటి నేల సంగతి ఇక్కడ చెప్పుకోదగినది. ఈ ప్రాంతమంతా సున్నపురాయి పరచుకొని ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని నార్జి సున్నపురాయి అంటారు. అమరావతి స్తూపాన్నీ, ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ కట్టడాలనూ అలంకరించిన శిల్పులు చెక్కినది పల్నాటి సున్నపురాయినే. సన్నని కణాలతో, లేత ఆకుపచ్చ ఛాయ గల ఆ రాయి ఉలికి లొంగుతుంది. పూసల పేటలను, తామర రేకుల అంచులను విరగకుండా నిలుపుకుంటుంది. ఆ శిల్పులకు కావలసినది నునుపు. రంగుసుద్ద పట్టినవానికి కావలసినది గరుకు. అయితే రసాయన శాస్త్రం దృష్టిలో ఆ శిల్పశిలా, రంగుసుద్దలో కలిపే తెల్లసుద్దా ఒకే పదార్థం. రెండూ కాల్షియం కార్బొనేటే. అదే రాతిని పొడిచేసి కాగితానికి పూస్తే పట్టునిచ్చే తలమవుతుంది. బజారులో దొరికే అనేక పాస్టెల్ అట్టల పూతలో ఉండేది చలువరాతి పొడి. అది కూడా ఈ కుటుంబానికి చెందినదే.

ఇంటివద్దనే ఇటువంటి తలాన్ని తయారుచేసుకోవచ్చు. మందమైన నీటిరంగుల కాగితాన్నిగాని, గట్టి బోర్డునుగాని తీసుకోవాలి. చిత్రకారుల దుకాణాలలో దొరికే యాక్రిలిక్ జెస్సో అనే తెల్లపూతలో చలువరాతి పొడిని, లేదా ప్యూమిస్ రాతిపొడిని కలిపి, కొద్దిగా నీరు పోసి, వెడల్పు కుంచెతో పూయాలి. మొదటి పూత నిలువుగా, అది ఆరిన తరువాత రెండవ పూత అడ్డంగా వేస్తే గరుకు సమంగా వస్తుంది. చివరకు ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది, ఎగుడుదిగుళ్ళను సవరించాలి. పొడి ఎంత కలపాలన్నది ముందుగా చిన్న ముక్కల మీద పరీక్షించుకోవడం మేలు. ఎక్కువైతే పూత బీటలు వారి రాలుతుంది. జెస్సోకు బదులు మైదా గంజి వాడితే ఖర్చు తగ్గే మాట నిజమే గాని, వానాకాలంలో దానికి బూజు పడుతుంది, చెదలూ చేరతాయి.

ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధం. రాతిపొడి కావాలనుకున్నవాడు అక్కడి సున్నాన్నే తెచ్చి కలిపితే చిత్రం చెడుతుంది. సున్నపురాయి వేరు, సున్నం వేరు. రాతిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాల్చినప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి సున్నం మిగులుతుంది. దానికి క్షారగుణం తీవ్రం. చర్మాన్నీ కళ్ళనూ అది గాయపరుస్తుంది. కొన్ని రంగులను నశింపజేస్తుంది. ప్రష్యన్ నీలం క్షారస్పర్శకు తాళలేదు. దానితో వేసిన ఆకాశం క్రమంగా గోధుమరంగుకు దిగుతుంది. కాల్చని రాతి పొడికి ఈ దోషం లేదు.

గరుకు తరువాత చూడవలసినది కాగితపు రంగు. నీటిరంగుల చిత్రానికి తెల్లకాగితమే వెలుగు. పాస్టెల్‌లో వెలుగు తెల్లసుద్దనుంచి, లేతరంగులనుంచి వస్తుంది. తెల్లకాగితం మీద పసుపు వేస్తే అది వెలగదు. సుద్ద అందని చోట్ల మిగిలిన తెల్లచుక్కలు చిత్రమంతటినీ పాలిపోయినట్లు చేస్తాయి. అందువల్ల బూడిదరంగు, మట్టిరంగు, లేతనీలం వంటి మధ్యస్థపు ఛాయలు గల కాగితాన్ని ఎంచుకుంటారు. అమెరికా చిత్రకారుడు విస్లర్ 1879, 1880 సంవత్సరాలలో వెనిస్ నగరాన్ని గోధుమరంగు కాగితాల మీద చిత్రించి, గోడలను చాలాచోట్ల రంగు వేయకుండా కాగితానికే వదిలివేశాడు.

ఈ సూత్రం పల్నాటి దృశ్యాలకు చక్కగా వర్తిస్తుంది. ఎండుమిరప కల్లాలను గీయదలచినవారు ఎర్రకాగితం తీసుకోవడం సహజంగా తోస్తుంది. కాని ఎరుపు మీద ఎరుపు అణగిపోతుంది. ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు కాగితం మీద అదే ఎరుపు మండుతున్నట్లుంటుంది. విచ్చిన ప్రత్తిచేనుకు నల్లరేగడిని తలపించే ముదురు గోధుమ కాగితం తగినది. నేలను గీయనవసరం లేకుండా ప్రత్తిని మాత్రమే గీస్తే చాలు. శివరాత్రినాటి కోటప్పకొండ ప్రభలు, వాటి దీపాలు చిత్రవస్తువైతే నల్లని కాగితమో, ముదురు నీలపు కాగితమో ఉండాలి. పగటిపూట కొండకు మాత్రం నల్లకాగితం వాడితే లేతరంగులన్నీ సుద్దబారినట్లు కనిపిస్తాయి.

ఇక మన్నిక. కొయ్యగుజ్జుతో చేసిన చౌక కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం మిగిలి ఉంటుంది. ఎండ తగిలితే అది పసుపుబారి, కాగితం పెళుసెక్కుతుంది. పాత వార్తాపత్రికను చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. వేసవిలో రాష్ట్రంలోకెల్లా హెచ్చు ఉష్ణోగ్రతలు తరచుగా నమోదయ్యే రెంటచింతల వంటి చోట్ల ఈ మార్పు మరింత వేగంగా జరుగుతుంది. కాగితంలో ఆమ్లం ఉన్నా ఇదే ఫలితం. ప్రత్తిపీచుతో తయారైన, ఆమ్లం లేని కాగితం శతాబ్దాలు నిలుస్తుంది. పల్నాటి చేలలో పండే ప్రత్తి బట్టగానే కాక, అరిగిన బట్టపేలికలనుంచి మళ్ళీ కాగితంగా కూడా మారగలదు. చేతికాగితాన్ని తయారుచేసే ఖాదీ కేంద్రాలకు ఇటువంటి పేలికలే ముడిసరుకు. చేతికాగితానికి సహజంగానే గరుకు ఉంటుంది. కాని కొన్ని రకాలలో గంజి తక్కువగా ఉండి, పైపోగులు లేచిపోతాయి. కొనేముందు వేలితో గట్టిగా రుద్ది చూసుకోవాలి.

దుకాణదారు మాట మీద ఆధారపడకుండా కాగితాన్ని పరీక్షించే మార్గాలు సులభమైనవే. ఒక ముక్కను సగం పుస్తకం కింద ఉంచి, మిగిలిన సగాన్ని కిటికీలో ఎండ తగిలేటట్లు కొన్ని వారాలు వదిలివేస్తే, రెండు సగాలకు మధ్య ఎంత తేడా వచ్చిందో చూసి దాని ఆయువును అంచనా వేయవచ్చు. మరొక ముక్క మీద ఒకేచోట మూడు రంగులను ఒకదాని మీద ఒకటి వేసి, నిలువుగా పట్టుకొని వెనుకనుంచి వేలితో కొట్టాలి. మూడవ రంగు నిలిచిందంటే ఆ కాగితానికి పట్టు చాలినంత ఉన్నట్లే. రాలిన పొడిని నోటితో ఊదరాదు. రంగుపొడులలో కొన్ని ఊపిరితిత్తులకు హాని చేసేవి. తడిగుడ్డతో తుడవడమే క్షేమం.

పట్టులేని కాగితం మీద వేసి, పైన స్థిరద్రవం చల్లితే సరిపోతుందనే నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. ఆ ద్రవం సన్నని జిగురువాన వంటిది. తేలికగా చల్లితే రాలే పొడి కొంత ఆగుతుంది. రాలనంతగా చల్లితే లేతరంగులు ముదురుతాయి, పాస్టెల్‌కు ప్రాణమైన మెత్తని కాంతి పోతుంది. వెలుగు చివరి మెరుపులను ద్రవం చల్లిన తరువాత వేసుకొనే చిత్రకారులు ఇందుకే ఉన్నారు. పూర్తయిన చిత్రాన్ని గాజు వెనుక బిగించడమే పాత పద్ధతి, మంచి పద్ధతి. గాజు రంగును తాకకుండా చుట్టూ మందపు అట్టచట్రం ఉండాలి. వానాకాలంలో తేమ గోడకు తగిలించరాదు.

చిత్రాన్ని ప్రదర్శనకు తీసుకుపోవలసి వచ్చినప్పుడు చాలామంది దానిని చుట్టగా చుడతారు. కాగితం వంగినప్పుడు పోగులు విడివడి, వాటి నడుమనున్న పొడి బయటపడుతుంది. మాచర్లనుంచి గుంటూరుదాకా బస్సు కుదుపులకు అది చుట్టలోనే అటూ ఇటూ రాసుకుంటుంది. చిత్రం మీద నున్నని గ్లాసైన్ కాగితాన్ని పక్కకు జరగకుండా అంటించి, రెండు గట్టి అట్టల మధ్య బల్లపరుపుగా ఉంచి, నాలుగు అంచులా బిగించి, బొమ్మ ముఖం పైకి ఉండేటట్లు ఒడిలో పెట్టుకొని పోవాలి.